ఆది జాకెట్టు, ఆరు సిట్టింగులు: ఆక్యుపంక్చర్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి

నాకు సూదులంటే భయం లేదు. తెనాలిలో ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మిషన్ సూది వేల్లో దిగి గోరు పక్కనుంచి బయటికొచ్చిన రోజున కూడా కట్టు కట్టుకుని సాయంత్రానికి మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాను. అలాంటిదాన్ని, మొదటిసారి ఆక్యుపంక్చర్ బల్ల మీద బోర్లా పడుకున్నప్పుడు గుండె దడదడలాడింది. మనం గుచ్చడం వేరు, మనకి గుచ్చడం వేరు.

ఏడాదిన్నరలో మొత్తం పద్నాలుగు సిట్టింగులయ్యాయి. అందులో రెండు శుద్ధ దండగ, పైగా ప్రమాదం. మిగతావి నా మటుకు పనికొచ్చాయి. నా మెడ సంగతి తెలిసి షాపుకొచ్చేవాళ్లు, "అక్కా, ఆ సూదులు నిజంగా పనిచేస్తాయా? మా అత్తగారిని తీసుకెళ్లమంటావా?" అని అడుగుతుంటారు. చేతులెత్తించి కొలతలు తీసుకుంటూ అంత కథా చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, వేయించుకున్నదాన్ని. మా పెద్దమ్మాయి ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరంలో ఉంది. కింద పరిశోధనల మాట ఎక్కడ వచ్చినా అది ఆ పిల్ల చదివి నాకు విప్పి చెప్పిందే.

నా నొప్పి గురించి రెండు ముక్కలు. శ్రావణమాసం అంటే మాకు పరీక్షల సీజన్. వరలక్ష్మీవ్రతానికి అందరికీ గురువారం రాత్రికల్లా జాకెట్టు కావాలి. రోజుకి పన్నెండు గంటలు తల వంచి కుట్టీ కుట్టీ, మెడ కుడివైపు నుంచి భుజం రెక్క దాకా మంట మొదలైంది. వారానికి రెండు మూడుసార్లు తల చుట్టూ తాడు బిగించినట్టు తలనొప్పి. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి, "కాస్త అరుగుదల ఉందమ్మా, ఈ వయసుకి మామూలే, కంగారు పడాల్సింది లేదు" అని మాత్రలు రాశారు. మాత్ర వేసుకున్న పూట బాగుండేది. నెల తిరిగేసరికి కడుపులో మంట పట్టుకుంది. అప్పుడు మొదలుపెట్టాను సూదుల గురించి వాకబు చేయడం.

ముందు మామూలు డాక్టర్

నా కథలో ఎక్స్‌రే ముందు, సూదులు తర్వాత. ఈ వరస మార్చకండి. నొప్పి దేనివల్లో తేలకుండా సూదులు వేయించుకుంటే, తగ్గినా ప్రమాదమే. నొప్పి అణిగి, లోపలి జబ్బు అలాగే ఉండిపోవచ్చు.

కొన్నిటికైతే ఆలోచించే పనే లేదు, నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి. ఛాతీ బిగబట్టి చేతికో దవడకో పాకే నొప్పి. ఎప్పుడూ లేనంత గట్టిగా, ఒక్కసారిగా వచ్చిన తలనొప్పి. నడుంనొప్పితో పాటు కాలు పట్టు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం మీద అదుపు పోవడం. జ్వరంతోనో, ఊరికే బరువు తగ్గిపోవడంతోనో కలిసి వచ్చే వెన్నునొప్పి. వీటికి సూదుల దగ్గర కూర్చున్న ప్రతి గంటా మనం పోగొట్టుకున్న గంటే.

ఏ నొప్పికి, ఎంతవరకు

చైనావాళ్ల పాత లెక్క ప్రకారం ఒంట్లో "ఛీ" అనే శక్తి పద్నాలుగు దారుల్లో ప్రవహిస్తుంది, ఆ దారుల మీద 361 బిందువులుంటాయి, అడ్డుపడిన చోట సూది పెడితే దారి తెరుచుకుంటుంది. వినడానికి బాగుంటుంది. కోసి చూస్తే ఆ దారులు కనిపించవు. ఇప్పటి డాక్టర్లు చెప్పేది వేరు: సూది కండలోకి దిగితే నరాలు మేల్కొంటాయి, మెదడు తనలో తయారయ్యే నొప్పి మందుల్ని వదులుతుంది, వాటినే ఎండార్ఫిన్లు అంటారు. అమెరికాలోని వెర్మాంట్‌లో ఒకావిడ సూదిని తిప్పినప్పుడు లోపల ఏమవుతుందో చూశారట. చర్మం కిందుండే సన్నటి పోగుల పొర సూదికి చుట్టుకుంటుందని తేలింది. అది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. బాబిన్‌కి దారం చుట్టుకున్నట్టే కదా!

మన దేశానికి ఇది వచ్చిన దారి కూడా చిత్రమే. జపాన్ దాడి చేసినప్పుడు సాయం చేయడానికి 1938లో మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు చైనా వెళ్లారు. వాళ్లలో షోలాపూర్ కోట్నీస్ పేరు చాలామందికి తెలుసు. ఆయన 1942లో అక్కడే కన్నుమూశారు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు.

పనిచేస్తుందా అన్న ప్రశ్నకి నాకు బాగా పట్టుకున్నది జర్మనీవాళ్ల పరిశోధన, 2007లో వచ్చింది. చాలాకాలంగా నడుంనొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి పద్ధతి ప్రకారం సరైన బిందువుల్లో సూదులు. రెండో గుంపుకి బిందువులు కాని చోట, పైపైన ఉత్తుత్తి సూదులు. మూడో గుంపుకి మామూలు మాత్రలు, వ్యాయామాలు. ఆరునెలలకి చూస్తే సరైన సూదుల గుంపులో 47.6 శాతం మందికి బాగయింది. ఉత్తుత్తి సూదుల గుంపులో 44.2 శాతం. మాత్రలూ వ్యాయామాల గుంపులో 27.4 శాతమే.

ఈ అంకెల్ని ఒకసారి నింపాదిగా చూడండి. సూదులు వేయించుకున్నవాళ్లకి మాత్రలవాళ్ల కన్నా మేలు జరిగింది, అందులో సందేహం లేదు. కానీ కొలత తప్పి కుట్టిన జాకెట్టు కూడా దాదాపు అంతే బాగా సరిపోయిందన్నమాట! బాగయింది సూది వల్లా, నమ్మకం వల్లా, డాక్టర్ అరగంట పక్కన కూర్చుని ఒంటి మీద చెయ్యివేసి పలకరించడం వల్లా? కొంత కొంత అన్నీ అయ్యుంటాయి. 2018లో 39 పరిశోధనల్లోని ఇరవై వేల మందికి పైగా లెక్కలు కలిపి చూసినప్పుడు కూడా ఇదే బొమ్మ వచ్చింది. నడుం, మెడ, భుజం, మోకాలు, పాత తలనొప్పుల విషయంలో సూదులు అసలు వేయనివాళ్లతో పోలిస్తే తేడా బాగానే ఉంది. ఉత్తుత్తి సూదులతో పోలిస్తే ఉందిగానీ చిన్నది.

దీన్నుంచి నేను తీసుకున్నది ఒక్కటే. "నాకు మాత్రమే తెలిసిన రహస్య బిందువులున్నాయి" అనేవాడికి ఎక్కువ డబ్బు ఇవ్వక్కర్లేదు. బిందువు అరంగుళం అటూ ఇటూ అయినా మనకి పెద్ద నష్టం లేదు. చెయ్యి శుభ్రంగా లేకపోతే మాత్రం ఉంది.

బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి నియమాలు రాసే సంస్థ కూడా దీన్ని గంపగుత్తగా మెచ్చుకోలేదు, తోసిపుచ్చలేదు. నడుంనొప్పికి వద్దని 2016లో అంది. కారణం తేలని దీర్ఘకాలపు నొప్పులకి ప్రయత్నించవచ్చని 2021లో అంది. కీళ్ల అరుగుదలకి వద్దని 2022లో అంది. తలనొప్పుల్లో మాత్రం మైగ్రేన్‌కీ, నాకున్నలాంటి బిగుతు తలనొప్పికీ పది సిట్టింగుల దాకా చూడమంటుంది.

షుగర్ పోతుంది, థైరాయిడ్ మాయమవుతుంది, క్యాన్సర్ గడ్డ కరుగుతుంది అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఇంకా ముఖ్యం, "మా సూదులు పనిచేయాలంటే బీపీ మాత్రలు ఆపాలి" అనేవాళ్లున్నారు. మా వీధిలో ఒక పిన్నిగారు అలా ఆపేసి, మూడో వారానికి 190 బీపీతో ఆస్పత్రిలో చేరారు. సూది పక్కన మాత్ర ఉంటే సూదికేం కాదు.

మనిషిని ఎలా ఎంచుకోవాలి

నేను మొదట చేసిన తప్పు ఇక్కడే. మా దగ్గర్లో ఒక కల్యాణమండపంలో క్యాంపు పెట్టారు, సిట్టింగు నూట యాభై. ఒకాయన మైకులో, "అమెరికా పత్రికాయనకి చైనాలో మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేశారు" అని చెబుతున్నాడు. ఇంటికెళ్లాక మా అమ్మాయి వెతికింది. న్యూయార్క్ టైమ్స్ జేమ్స్ రెస్టన్ సంగతది, 1971. అపెండిక్స్ ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే చేశారు. తర్వాత పొట్ట ఉబ్బరంగా బాధ పెడితే దానికి సూదులు పెట్టారు, అంతే. మైకులో సగం కథ చెప్పారు.

ఆ రోజు అది తెలియదు, వేయించుకున్నాను. వారానికి మళ్లీ వెళ్లాను. రెండోసారి నా వంతు కోసం కూర్చుని చూస్తే, ముందు ఆవిడ మెడలోంచి తీసిన సూదుల్ని స్టీలు గిన్నెలోని స్పిరిట్‌లో ముంచి, దూదితో తుడిచి, పక్కావిడకి వేస్తున్నారు. నాకు వేసేటప్పుడు ఒకటి దిగనంది. కుట్టుపనిలో ఉన్నవాళ్లకి తెలుస్తుంది, సూది మొన వంగితే గుడ్డని పొడవదు, లాగుతుంది. ఒకటి అడిగి తీసుకుని బొటనవేలి గోరు మీద గీసి చూశాను. గీత పడింది. మొన కొక్కెంలా తిరిగిపోయి ఉంది. ఎంతమందిలో దిగి వచ్చిందో!

స్పిరిట్‌లో ముంచినంత మాత్రాన కామెర్ల వైరస్‌లు, హెపటైటిస్ బీ, సీ పోతాయన్న హామీ లేదు. ఆ తర్వాత రక్తపరీక్షలు చేయించుకున్నాను. మూడు నెలలకి మళ్లీ, ఆరు నెలలకి మళ్లీ. ఏమీ లేదని తేలేదాకా పడ్డ టెన్షన్ ముందు మెడనొప్పి ఎంత?

అందుకని ఇప్పుడు ఎవరడిగినా ముందుగా చెప్పేది: సూది ప్యాకెట్టు మీ కళ్ల ముందు చించాలి. ఒక్కసారి వాడి పారేసే సూదులివి. ప్యాకెట్టు మీద స్టెరైల్ అని, ఎక్స్‌పైరీ తేదీ, మందం, పొడుగు ఉంటాయి. నాకు వేసేవి 0.25 మిల్లీమీటర్ల మందం, 25 నుంచి 40 మిల్లీమీటర్ల పొడుగు. మనం జాకెట్లు కుట్టే 14 నంబరు మిషన్ సూది మందం 0.9. అంటే మూడోవంతు కూడా లేదు. షుగర్ వాళ్లు పొడుచుకునే సన్న ఇన్సులిన్ సూది అంత ఉంటుంది. ఇంజెక్షన్ సూదిలా గొట్టం కాదు, గట్టి తీగ. తీసిన సూదులు మళ్లీ ట్రేలోకి కాదు, మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకి పోవాలి. ఆ డబ్బా గదిలో కనిపించకపోతే ఎక్కడని అడగండి.

చదువు సంగతి కూడా అడగండి, మొహమాటం వద్దు. కేంద్రం 2003లో దీన్ని చికిత్సా విధానంగా గుర్తించింది. బెంగాల్ 1996లో, మహారాష్ట్ర 2015లో దీనికోసం ప్రత్యేక చట్టాలు చేశాయి. కానీ బోర్డు మీద పేరు ముందు రెండక్షరాలుంటే దాన్నిబట్టి మనం ఏమీ తేల్చుకోలేం. మెడ, భుజం, వీపు మీద సూది పెట్టే మనిషికి కింద ఊపిరితిత్తి ఎంత లోతులో ఉంటుందో తెలిసుండాలి. నేను చివరికి గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడమ్ దగ్గర కుదురుకున్నాను. ఆవిడ ఎంబీబీఎస్ చేసి, తర్వాత ఇది నేర్చుకున్నారు. సిట్టింగుకి ఐదొందలు తీసుకునేవారు. నేను అడిగిన ప్రశ్నల్లో ఆవిణ్ని బాగా పట్టిచ్చింది ఇది: "ఎన్నింటికి తగ్గకపోతే మీరే ఆపేయమంటారు?" "ఆరింటికి ఏ తేడా కనిపించకపోతే నేను డబ్బు తీసుకోను, వేరే దారి చూద్దాం" అన్నారు. "తగ్గేదాకా వస్తూనే ఉండాలి" అనేవాళ్ల దగ్గర పర్సు జాగ్రత్త.

ఫిజియోథెరపీ వాళ్లు ఇలాంటి సూదులతోనే కండలో ముడిపడ్డ చోట గుచ్చి వదులు చేస్తారు, దాన్ని డ్రై నీడ్లింగ్ అంటారు. సూది ఒకటే, సిద్ధాంతం వేరు. మా అమ్మాయి ముందు రెండూ ఒకటే అన్నామో, అన్నం మానేస్తుంది.

బల్ల మీద ఏం జరుగుతుంది

వెళ్లే రోజు ఏదైనా తిని వెళ్లండి. నేను తినలేదు. శనివారం ఒంటిపూట ఉండి, పొద్దున కాఫీ తప్ప ఏమీ లేకుండా ప్యాసింజరు ఎక్కాను. కుర్చీలో కూర్చోబెట్టి మెడలో మూడో సూది పెట్టగానే చెవుల్లో హోరు, చల్లటి చెమట, కళ్ల ముందు మిషన్ దీపం ఆరిపోయినట్టు చీకటి. మేడమ్ గబగబా సూదులు తీసేసి, పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టారు. ఐదు నిమిషాల్లో తేరుకున్నాను. మొదటిసారి వాళ్లలో కొందరికి ఇలా అవుతుందట. అందుకే కడుపు ఖాళీగా వద్దు, మొదటి రెండుసార్లు పడుకునే వేయించుకోండి. జాకెట్టు చేతులు, చీర కుచ్చిళ్లు పైకి లాగడానికి వీలుగా వదులైనవి వేసుకోండి.

ముందు ఓ పది నిమిషాలు మాటలు, మెడ తిప్పించి చూడటం, నొక్కి చూడటం. తర్వాత చోటు గుర్తించడం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మా టేపుకి అందరికీ ఒకటే అంగుళం. వీళ్ల అంగుళం మనిషికొకటి. దాని పేరు త్సున్. మన బొటనవేలి వెడల్పు ఒక త్సున్, నాలుగు వేళ్లు దగ్గరగా పెడితే మూడు. మోచేతి మడత నుంచి మణికట్టు మడత దాకా పన్నెండు. పొట్టివాళ్లయినా, పొడుగువాళ్లయినా పన్నెండే. మనిషి ఒంటితోనే మనిషిని కొలవడం! కొలతలు తీసేదాన్ని కదా, ఆ రోజు ఇంటికొచ్చి మా ఇంట్లో అందరి చేతులూ కొలిచాను.

చోటు తుడిచాక సూదిని సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి చర్మానికి ఆనిస్తారు. సూది తల గొట్టంలోంచి కాస్త పైకి ఉంటుంది. దాన్ని వేలితో టక్కున తడతారు. చీమ కుట్టినంత, ఒక్కోసారి అదీ ఉండదు. ఈ గొట్టం పద్ధతి పదిహేడో శతాబ్దంలో జపాన్‌లో సుగియామా వాయిచి అనే చూపులేని వైద్యుడు కనిపెట్టాడని చెబుతారు. చూడకుండా సూది నేరుగా దించడానికి అంతకన్నా తెలివైన ఉపాయం ఏముంటుంది?

అసలు సంగతి సూది దిగాక మొదలవుతుంది. దాన్ని వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతుంటే లోపల మొద్దుగా బరువెక్కుతుంది, లాగినట్టు ఉంటుంది, కాస్త తిమ్మిరి పాకుతుంది. దానికి చైనావాళ్ల పేరు ద-ఛీ. అది రావడం మంచిదేనంటారు. కానీ కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వున లాగినా, కత్తితో కోసినట్టున్నా ఓర్చుకోవద్దు, వెంటనే చెప్పండి. సూది నరానికో, రక్తనాళానికో తగిలిందన్నమాట. కాస్త వెనక్కి తీస్తే పోతుంది.

తర్వాత ఇరవై నిమిషాలు అలా పడుకోవడమే. నేను చాలాసార్లు నిద్రపోయాను. శ్రావణమాసంలో పట్టపగలు ఇరవై నిమిషాల నిద్ర! సగం వైద్యం అదేనేమో. రెండో నెల నుంచి సూదులకి చిన్న క్లిప్పులు తగిలించి సన్నటి కరెంటు పెట్టారు. టకటకమని కండ ఎగురుతుంది, నొప్పి ఉండదు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఈ కరెంటు పెట్టకూడదు.

కొందరు సూదులతో పాటు ఎండిన ఆకుపొడి చుట్టను కాల్చి చర్మానికి దగ్గరగా పట్టుకుని సెగ ఇస్తారు. ఆ వాసన నాకు ఎక్కడిదో అనిపించి అడిగితే, మన మాచిపత్రి జాతేనని చెప్పారు. వినాయకచవితి పత్రిలో అన్నిటికన్నా ముందు సమర్పించే ఆకు! సెగ హాయిగానే ఉంటుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు, కాలినా తెలియదు.

లేచే ముందు సూదులు లెక్క పెట్టించండి. కస్టమర్ జాకెట్టులో గుండుసూది మర్చిపోయి ఒకసారి తిట్లు తిన్నదాన్ని, నాకీ అలవాటు ఉంది. ఆరో సిట్టింగులో పన్నెండు పెట్టారు, పదకొండే తీశారు. పన్నెండోది చెవి వెనక, కొప్పులో దూరి ఉంది. మేడమ్ మొహం చిన్నబుచ్చుకుని రెండుసార్లు సారీ చెప్పారు.

ఇంటికొచ్చాక ఆ పూట కాస్త నీరసం, ఒకటి రెండు చోట్ల ఆవగింజంత కమిలిన మచ్చ మామూలే. జర్మనీలో 2,29,230 మంది మీద చేసిన సర్వేలో 8.6 శాతం మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. ఎక్కువ భాగం ఇలా రక్తపు బొట్టు, కమిలిన మచ్చలే. సూది ఊపిరితిత్తికి తగిలి గాలి చేరింది ఇద్దరికి. ఇద్దరే కదా అని వదిలేయడానికి లేదు. భుజం, వీపు, ఛాతీ మీద సూదులు పెట్టించుకున్నాక ఆ రోజో మర్నాడో ఊపిరి ఆడకపోయినా, గాలి పీలిస్తే ఛాతీలో పోటు వచ్చినా క్లినిక్‌కి ఫోన్ చేస్తూ కూర్చోకుండా పెద్దాస్పత్రికి వెళ్లి, సూదులు వేయించుకున్నానని చెప్పండి.

రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు, రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బున్నవాళ్లు, గర్భిణులు, గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు, క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవాళ్లు ముందే ఆ విషయం చెప్పాలి. వాళ్లడగకపోయినా చెప్పాలి.

నొప్పికి ఆది రాసుకోవడం

ఆది జాకెట్టు ఇవ్వకుండా "మీకు తెలుసుగా, అలాగే కుట్టేయండి" అనేవాళ్లతోనే నాకు గొడవలొచ్చేది. నొప్పి కూడా అంతే. మొదటి సిట్టింగుకి ముందు ఎంతుందో రాసుకోకపోతే, ఆరో దానికి తగ్గిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ రోజు వాతావరణం బాగుంటే తగ్గినట్టుంటుంది, ఇంట్లో గొడవైతే పెరిగినట్టుంటుంది.

నా కొలతల పుస్తకం చివరి పేజీలో నాలుగు గడులు గీశాను. పది మార్కుల్లో నొప్పి ఎంత. మిషన్ మీద ఎంతసేపటికి మొదలవుతోంది. వారంలో ఎన్ని మాత్రలు. స్టూలు మీద కూర్చుని కుడివైపు తల తిప్పితే ఎక్కడిదాకా కనిపిస్తోంది. మొదటి రోజు: ఏడు; ముప్పై ఐదు నిమిషాలు; తొమ్మిది మాత్రలు; తలుపు గడియ దాకా. నాలుగో సిట్టింగు వరకు దాదాపు అవే అంకెలు, విసుగొచ్చింది. ఆరో సిట్టింగుకి: నాలుగు, గంటా ఇరవై నిమిషాలు, రెండు మాత్రలు, వెనక గోడ మీది వేంకటేశ్వరస్వామి క్యాలెండరు అంచు కనిపించింది. పదో దానికి మూడు దగ్గర ఆగింది, అక్కడినుంచి దిగలేదు. మేడమే "ఇక చాలమ్మా" అన్నారు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఐదో సిట్టింగు రోజుల్లోనే మా అమ్మాయి పోరు పడలేక మిషన్ బల్ల కింద ఇటుకలు పెట్టించి ఎత్తు పెంచాను, స్టూలు తీసేసి వీపు ఆనే కుర్చీ వేసుకున్నాను, గంటకోసారి లేచి మెడ తిప్పే వ్యాయామం మొదలుపెట్టాను. ఎంత సూదిది, ఎంత ఇటుకలది అంటే విడదీసి చెప్పలేను. ఇటుకలకి ఖర్చు నలభై రూపాయలు.

మా ఆయనకి మోకాలి అరుగుదల. నాకు తగ్గిందని చూసి తనూ వచ్చారు. ఆయనకి కూడా గడులు గీసిచ్చాను: మెట్లెక్కేటప్పుడు నొప్పి, ఎంత దూరం నడవగలరు. ఆరు సిట్టింగులకి ఒక్క అంకె మారలేదు. ఆపేశాం. "ఇంకో నాలుగు చూద్దామే" అని ఆయనే అన్నారు, నేను పుస్తకం చూపించాను. అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా కూడా 2020 నుంచి పాత నడుంనొప్పికి తొంభై రోజుల్లో పన్నెండు సిట్టింగులకి డబ్బిస్తుంది, మెరుగుంటేనే ఇంకో ఎనిమిది. అంత పెద్ద బీమావాళ్లే లెక్క పెట్టుకుంటున్నారు.

ఇంట్లో వేలితో

సూదులు ఇంట్లో పొడుచుకోవద్దు, ఆన్‌లైన్‌లో ప్యాకెట్టు దొరికినా సరే. వేలితో నొక్కడం మాత్రం చేసుకోవచ్చు. ఒక్క చోటు చెబుతాను, ఎందుకంటే పరిశోధనల్లో బాగా నిలబడ్డవాటిలో అదొకటి. అరచెయ్యి మీకేసి తిప్పుకోండి. రెండో చేతి మూడు వేళ్లని మణికట్టు మడత నుంచి మోచేతి వైపుగా అడ్డంగా ఆనించండి. మూడో వేలు పక్కన, మధ్యలో కనిపించే రెండు నరాల్లాంటి తాళ్ల మధ్య పల్లం ఉంటుంది. పిడికిలి బిగిస్తే ఆ తాళ్లు పైకి తేలతాయి. బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి పెట్టండి. పేరు నేయ్‌గువాన్, వాంతి వికారానికి వాడతారు. ఆపరేషన్ల తర్వాత వచ్చే వికారానికి ఇది కొంత పనిచేస్తుందని తేలింది. బస్సు వికారానికి ఎంతవరకో మరి! శ్రీశైలం వెళ్తూ దోర్నాల దాటాక ఘాట్ రోడ్డులో మా చెల్లెలి కూతురికి నొక్కిపెట్టాను. నాకేమీ కాలేదు, పిల్ల మాత్రం నా కొత్త చీర మీదే కక్కింది.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పొంగిన చోటుని తలనొప్పికి నొక్కుతారు. నాకు కాస్త ఊరటగా ఉంటుంది. గర్భిణులు అక్కడ నొక్కకూడదని పాతకాలం నుంచీ చెబుతారు, పాటిస్తే పోయేదేం లేదు.

నేను చివరి రెండు సిట్టింగులు వేయించుకుని ఏడు నెలలైంది. మళ్లీ శ్రావణం వస్తోంది. మగ్గం వర్క్ జాకెట్లు ఇప్పటికే పదిహేడు వచ్చి ఉన్నాయి, అందులో ఒకటి బ్రాడీపేట మేడమ్‌దే. పొద్దున కొలతల పుస్తకం చివరి పేజీలో కొత్త గడులు గీశాను. నొప్పి మూడు, మాత్రలు సున్నా, తల తిప్పితే క్యాలెండరులో స్వామివారి శంఖం దాకా కనిపిస్తోంది. ఐదు దాటితే గుంటూరు ప్యాసింజరు ఎక్కుతాను, తినే ఎక్కుతాను.